పేలదన్న ధీమా

రంగు సీసా నుంచి రణరంగం దాకా – 6వ భాగం

బ్రిటన్‌లో 1875 నాటి పేలుడు పదార్థాల చట్టం చాలా కఠినమైనది. తుపాకి మందు చేసినా, డైనమైట్ చేసినా లైసెన్సు తీసుకోవాలి. జనావాసాలకు దూరంగా కట్టాలి. షెడ్డుకూ షెడ్డుకూ మధ్య చట్టం చెప్పినంత ఎడం ఉండాలి, ఒక్కో షెడ్డులో చట్టం చెప్పినదానికి మించి సరుకు ఉండకూడదు. అలాంటి చట్టం నుంచి 1910లో ఒక పదార్థానికి మినహాయింపు దొరికింది. దాని పేరు ట్రైనైట్రోటోలుయీన్, అంటే టీఎన్‌టీ. తయారీ, నిల్వ విషయంలో దాన్ని పేలుడు పదార్థంగా లెక్కించనక్కర్లేదని నిర్ణయించారు. ఈ నిర్ణయం వెనక లంచం లేదు, నిర్లక్ష్యం కూడా లేదు. ఆనాటి పరీక్షలు నిజంగానే అలా చెప్పాయి. సుత్తితో కొట్టినా సాధారణంగా పేలదు. నిప్పు పెడితే నల్లటి పొగ కక్కుతూ కాలుతుంది. 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి ఆవిరి గొట్టాల వేడితోనే ద్రవంగా మార్చి గుండులో పోయవచ్చు. లోహాన్ని తినదు. దాన్ని పేల్చాలంటే ఇంకో పేలుడుతో రెచ్చగొట్టాలి. ఫిరంగి దళం అధికారికి ఇంతకంటే మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? నేను ఈ భాగంలో చెప్పదలచుకున్నది ఇదీ: ఆ పరీక్షలన్నీ గుండుకు ఏం కావాలో అదే కొలిచాయి. ఆ గుండును నింపే మనిషికి ఏమవుతుందన్నది ఆ పరీక్షల్లో లేదు. అయినా ఒక కొలత మీద వచ్చిన మంచి పేరు మిగతా ప్రమాదాలన్నిటికీ పూచీ అయిపోయింది. ఆ పూచీని నమ్మినందుకు మూల్యం చెల్లించింది మాత్రం నమ్మినవాళ్లు కాదు.

ముందు ఈ పదార్థాల పుట్టుక చూద్దాం. గత భాగంలో బొగ్గు తారు నుంచి అనిలిన్ రంగులు ఎలా వచ్చాయో చెప్పుకున్నాం. ఆ దారిలో మొదటి మజిలీ నైట్రేషన్. బెంజీన్‌నో, టోలుయీన్‌నో, ఫీనాల్‌నో గాఢ నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంతో కలిపితే, ఆరు కార్బన్ల వలయం మీద ఉన్న హైడ్రోజన్ పక్కకు తప్పుకొని ఆ చోట ఒక నత్రజని, రెండు ఆక్సిజన్లు ఉన్న నైట్రో సమూహం కూర్చుంటుంది. మొదటిది తేలిగ్గా కూర్చుంటుంది. కానీ అది వలయంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది కాబట్టి రెండోదాన్ని కూర్చోబెట్టాలంటే వేడి పెంచాలి, ఆమ్లం గాఢత పెంచాలి. మూడోదానికి ఇంకా పెంచాలి. మూడూ చేరాక ఆ అణువులో ఒక వింత పరిస్థితి ఏర్పడుతుంది. కాలవలసిన కార్బన్, కాల్చవలసిన ఆక్సిజన్ ఒకే అణువులో పక్కపక్కన చేరతాయి. బయటి గాలి అక్కర్లేకుండానే అంతా ఒక్క క్షణంలో వాయువుగా మారిపోగలదు. పేలుడు కథ ఇదే. అదే నైట్రో సమూహం శరీరంలోకి వెళ్తే ఇంకో కథ మొదలవుతుంది. కాలేయం దాన్ని మెల్లగా క్షయకరణం చేస్తుంది. ఆ క్రమంలో మధ్యలో పుట్టే హైడ్రాక్సిలమీన్ వంటి పదార్థాలు ఎర్ర రక్తకణంలో చొరబడి హిమోగ్లోబిన్‌లోని ఇనుమును మార్చేస్తాయి. అలా మారిన హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేదు. పెదవులు నీలంగా, రక్తం చాక్లెట్ రంగులోకి మారతాయి. కొన్నిటి దెబ్బ కాలేయానికే తగులుతుంది, కొన్నిటిది ఎముక మజ్జకు. పేలుడు శక్తికీ ఈ విషానికీ మూలం ఒకే సమూహం. ఆ రెండింటినీ ఒకే మనిషి ఒకే బల్ల మీద పెట్టి చూడలేదన్నదే చరిత్రలో పెద్ద లోటు.

టీఎన్‌టీకి ఆ మంచి పేరు రావడానికి దాని అన్నగారు పిక్రిక్ ఆమ్లం చాలా సాయం చేసింది. 1771లో పీటర్ వూల్ఫ్ నీలిమందును నైట్రిక్ ఆమ్లంతో కలిపి పట్టును పసుపుపచ్చగా మార్చే పదార్థాన్ని చేశాడు. నీలిమందు నుంచి పసుపు రంగు రావడం ఆనాటి రంగరేజులకు ముచ్చటగానే తోచి ఉంటుంది. తర్వాత దాన్ని ఫీనాల్ నుంచి చేయడం నేర్చుకున్నారు. పట్టుకు వేశారు, కాలిన గాయాలకు పూశారు. దానికి పేలుడు గుణం ఉందని 1870లలో హెర్మన్ స్ప్రెంగెల్ చూపించే నాటికి అది వందేళ్ల పాత రంగు. 1887లో మాంచెస్టర్ దగ్గర కార్న్‌బ్రూక్‌లో ఒక రంగుల కర్మాగారం తగలబడింది. కరిగి పారిన పిక్రిక్ ఆమ్లం సీసపు ఆక్సైడ్‌ను తాకి పేలింది. లోహాలతో కలిస్తే అది చేసే పిక్రేట్ లవణాలు దానికంటే ఎన్నో రెట్లు చిరాకు గుణం గలవి, చిన్న రాపిడికే పేలతాయి. ఈ తలనొప్పి తెలిసి కూడా ఫ్రాన్స్ దాన్ని మెలినైట్ అన్న పేరుతో, బ్రిటన్ లిడ్డైట్ అన్న పేరుతో గుండ్లలో నింపుకున్నాయి. 1917 డిసెంబర్ 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మాంట్ బ్లాంక్ అనే ఫ్రెంచి ఓడ పేలి ఊరు నేలమట్టమై 1,700 మందికి పైగా చనిపోయినప్పుడు, ఆ ఓడలో ఎక్కువ భాగం సరుకు 2,000 టన్నులు దాటిన ఈ పిక్రిక్ ఆమ్లమే. ఇలాంటి అన్న పక్కన నిలబెడితే తమ్ముడు సాధువులా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. జూలియస్ విల్‌బ్రాండ్ 1863లో టీఎన్‌టీని చేసింది కూడా పసుపు రంగు కోసమే. 1891 దాకా అది పేలుతుందనే ఎవరికీ తట్టలేదు. అంత మొండిది. 1902లో జర్మన్ సైన్యం, ఆ తర్వాత కొన్నేళ్లకు బ్రిటిష్ సైన్యం దాన్ని గుండ్లలోకి తీసుకున్నాయి. లిడ్డైట్ గుండు యుద్ధనౌక ఉక్కు కవచం తాకగానే పేలిపోయేది. టీఎన్‌టీ గుండు కవచం చీల్చుకొని లోపలికి పోయాక పేలేది.

యుద్ధం వచ్చింది. 1915 మే నెలలో గుండ్లు చాలడం లేదన్న వార్త లండన్ పత్రికల్లో రాజుకొని ప్రభుత్వాన్నే కదిపింది. లాయిడ్ జార్జ్ చేతిలో కొత్తగా ఆయుధ సరఫరా మంత్రిత్వ శాఖ పుట్టింది. టీఎన్‌టీ శుద్ధి చేసే చోట్ల కోసం వెతుకుతూ, లండన్ తూర్పు శివారులో థేమ్స్ ఒడ్డున సిల్వర్‌టౌన్‌లో ఖాళీగా పడి ఉన్న కాస్టిక్ సోడా కర్మాగారం భాగాన్ని ప్రభుత్వం అడిగి తీసుకుంది. అది బ్రన్నర్ మాండ్ కంపెనీది. చుట్టూ కార్మికుల ఇళ్లు, పిండి మరలు, రేవు గోదాములు. ముడి టీఎన్‌టీని వెచ్చని ఆల్కహాల్‌లో కరిగించి మళ్లీ స్ఫటికంగా దింపే పని అది. అంటే పేలుడు సరుకూ, తేలిగ్గా అంటుకునే ద్రవమూ ఒకే కప్పు కింద. కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు ఎఫ్. ఎ. ఫ్రీత్, అది ఏదో ఒక రోజు పేలిపోతుందని నెలనెలా హెచ్చరిస్తూ రాశామనీ, టీఎన్‌టీ కోసం ఆ ముప్పు భరించదగ్గదేనని జవాబు వచ్చిందనీ తర్వాత చెప్పుకున్నాడు. 1917 జనవరి 19 సాయంత్రం ఏడు కావస్తుండగా అక్కడ నిప్పు పుట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పుకునే పని వదిలి వచ్చి అక్కడ ముఖ్య రసాయన శాస్త్రజ్ఞుడిగా చేరిన ఆండ్రియా ఏంజెల్, పారిపోకుండా మంట ఆర్పడానికి ఉండిపోయాడు. దాదాపు 50 టన్నుల టీఎన్‌టీ పేలింది. 73 మంది చనిపోయారు, 400 మందికి పైగా గాయపడ్డారు. దెబ్బతిన్న ఇళ్లు, కట్టడాలు 60,000కు తక్కువ కావు. రాత్రి షిఫ్టు వేళ, ఇళ్లల్లో జనం కింది అంతస్తుల్లో ఉన్న వేళ కాబట్టి అంతటితో పోయింది. పేలదన్న సరుకు పేలింది. 1910 నాటి పరీక్షలో అబద్ధం లేదు, సుత్తి కింద పేలకపోవడం నిజమే. టన్నుల కొద్దీ గుట్టగా పోసి, ఆల్కహాల్ పక్కన పెట్టి, మంట పెడితే ఏమవుతుందన్న ప్రశ్న ఆ పరీక్ష వేసుకోలేదు.

సిల్వర్‌టౌన్‌ను ప్రజలు చూశారు, విన్నారు, లండన్ అంతటా ఆ ఎర్రటి వెలుగు కనిపించింది. అంతకు ఏడాది ముందే మొదలైన ఇంకో మరణాల వరస మాత్రం చప్పుడు లేకుండా సాగింది. గుండ్లు నింపే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు. లీడ్స్ దగ్గర బార్న్‌బో, లండన్‌లో వూలిచ్, నాటింగామ్ దగ్గర చిల్‌వెల్ వంటి చోట్ల వేల మంది. వాళ్లు ఇంటిపని, బట్టల మిల్లు పని మానేసి మెరుగైన కూలి కోసం వచ్చినవాళ్లు. ఆ పని ఎలా ఉండేదో కాస్త దగ్గరగా చూడాలి. టీఎన్‌టీని అమ్మోనియం నైట్రేట్‌తో కలిపి అమటాల్ అనే మిశ్రమం చేసేవాళ్లు. కొన్ని చోట్ల దాన్ని వేడిగా కరిగించి గుండులోకి పోసేవాళ్లు, కొన్ని చోట్ల పొడిగా గుండు నోట్లో పోసి కర్రతో కూరి సుత్తితో దిమ్మిస వేసేవాళ్లు. పోసేటప్పుడు ఆవిరి, కూరేటప్పుడు దుమ్ము. రెండూ ముఖం మీద, మెడ మీద, మోచేతుల మీద పేరుకునేవి. చెమటలో, చర్మంలోని నూనెలో ఆ దుమ్ము కరిగేది. చేతులు, ముఖం, టోపీ కింద నుంచి జారిన జుట్టు పసుపుపచ్చగా, ఎర్రటి గోధుమరంగుగా మారేవి. జనం వాళ్లను కేనరీ పిట్టలని పిలిచారు. గర్భంతో పనిచేసిన కొందరికి పుట్టిన పిల్లలు కూడా పసుపు ఛాయతో పుట్టారు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా విడదీయాలి. చర్మం మీది ఆ పసుపు రంగు, కామెర్లు ఒకటి కాదు. రంగు పైపూత. పని మానితే కొన్ని వారాల్లో పోతుంది. కామెర్లయితే కంటి తెల్లగుడ్డు పచ్చబడుతుంది, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, వాంతులు, కడుపు నొప్పి, తల తిరగడం వస్తాయి. అంటే కాలేయం చచ్చిపోతోందన్నమాట. ఒళ్లంతా పచ్చగా ఉన్న మనిషిలో ఈ రెండో పచ్చదనం కనిపెట్టడం ఎంత కష్టమో ఊహించండి. కంటిని చూస్తే తప్ప తెలియదు. చూసేవాళ్లు ఉంటే తెలుస్తుంది. లివింగ్‌స్టన్-లెర్మంత్, కన్నింగ్‌హామ్ అనే ఇద్దరు మహిళా డాక్టర్లు చూశారు. 1916 ఆగస్టులో లాన్సెట్ పత్రికలో వాళ్లు రాసిన వ్యాసం నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన కాగితం. ముక్కు, గొంతు, చర్మం మండటం వంటి పై లక్షణాలను ఒకవైపు, కాలేయాన్నీ రక్తాన్నీ పట్టే లోపలి విష లక్షణాలను ఇంకోవైపు వాళ్లు విడదీసి చెప్పారు. మొదటివి చిరాకు పెడతాయి, రెండోవి చంపుతాయి. అంతకు ముందే, 1916 జనవరి 1 నుంచి, విష కామెర్లను డాక్టర్లు ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చారు. దేశంలో మొదటి ఫ్యాక్టరీ వైద్య ఇన్‌స్పెక్టర్ థామస్ లెగ్గీ చేతికి ఆ చీటీలు వచ్చాయి. ఆ ఏడాది 181 కేసులు, 52 మరణాలు.

అప్పటికి ఎవరికీ తెలియదు, కొత్త పదార్థం, యుద్ధపు హడావిడి, ఏం చేస్తారు అన్న మాట తరచు వినిపిస్తుంది. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయలేం, కానీ ఒప్పుకోలేం కూడా. విల్‌బ్రాండ్ టీఎన్‌టీని చేసిన 1863లోనే లండన్‌లో హెన్రీ లెథబీ అనే డాక్టరు నైట్రోబెంజీన్ మీద రాయల్ సొసైటీకి ఒక పత్రం ఇచ్చాడు. అప్పటికి నైట్రోబెంజీన్ సామాన్యమైన సరుకు. బాదం వాసన కొడుతుంది కాబట్టి మిర్బేన్ నూనె అన్న పేరుతో సబ్బుల్లో, మిఠాయిల్లో వాడేవాళ్లు. లెథబీ చెప్పిన కేసుల్లో ఒకటి ఇదీ: నడివయసు మనిషి బట్టల మీద నైట్రోబెంజీన్ ఒలికింది. అతను పట్టించుకోక ఆ బట్టలతోనే గంటల తరబడి తిరిగాడు. మత్తు కమ్మింది, తూలాడు, స్పృహ తప్పాడు, చనిపోయాడు. అతను తాగలేదు. బట్టల మీద పడింది, అంతే. ఆ తర్వాత 1890లలో విగన్ దగ్గర రోబరైట్ అనే గని మందు చేసే కర్మాగారంలో ప్రాసర్ వైట్ అనే డాక్టరు డైనైట్రోబెంజీన్‌తో పనిచేసేవాళ్లను గమనించాడు. నీలి పెదవులు, రక్తహీనత, నల్లబడిన మూత్రం. అది చర్మంలోంచి కూడా ఎక్కుతుందన్న సంగతి అప్పటికే వైద్య పత్రికల్లో ఉంది. బెంజీన్ వలయం మీద ఒక నైట్రో సమూహం ఉంటే విషం, రెండు ఉంటే విషం. మూడు ఉన్నప్పుడు విషం కాదని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. తెలియకపోవడం అని దీన్ని అనలేం. తెలిసిన సంగతి ఒకచోట, అవసరమైన మనుషులు ఇంకోచోట ఉన్నారు. లెథబీ, ప్రాసర్ వైట్‌ల రాతలు ఫ్యాక్టరీ వైద్యుల బీరువాలో ఉన్నాయి. టీఎన్‌టీ పత్రాలు సైన్యం బీరువాలో ఉన్నాయి.

అయితే ఒక తేడా నిజమే, దాన్ని ఒప్పుకోవాలి. నైట్రోబెంజీన్ ద్రవం, వాసన గలది, ఒలికితే తెలుస్తుంది. టీఎన్‌టీ గట్టి పదార్థం. మామూలు వేడిలో ఆవిరి కావడం చాలా తక్కువ. అందుచేత మొదట్లో డాక్టర్లు, ఇంజనీర్లు ప్రమాదం గాలిలోంచే వస్తుందనుకున్నారు. కరిగిన టీఎన్‌టీ ఆవిరి, కూరేటప్పటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూస్తే చాలనుకున్నారు. ముక్కుకు, నోటికి గుడ్డ మాస్కులు కట్టించారు. పాలు తాగించారు. బార్న్‌బోలో అందుకోసం ఫ్యాక్టరీ సొంత పాడి పెట్టింది, 120 ఆవులతో. పాలు పోషణ ఇచ్చాయి, అది మంచిదే. విషాన్ని మాత్రం ఆపలేదు, ఎందుకంటే విషం నోటి దారిన రావడం లేదు. ఈ ముడి విప్పినవాడు బెంజమిన్ మూర్. అప్పట్లో మెడికల్ రీసెర్చ్ కమిటీ అని పిలిచే సంస్థ తరఫున అతను కర్మాగారాలు తిరిగి, 1917 నివేదికలో చెప్పింది ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ముఖ్య ద్వారం చర్మం. చెమట పట్టిన మోచేయి, మెడ, జిడ్డు నిలిచిన వేళ్ల సందులు. దుమ్ము పేరుకున్న బట్ట ఒంటికి అంటుకొని ఉంటే అది రాత్రంతా ఎక్కుతుంది. వెబ్‌స్టర్ అనే అతను అప్పుడే కనిపెట్టిన మూత్ర పరీక్ష ఈ పనికి చాలా ఉపయోగపడింది. మనిషి జబ్బు పడకముందే విషం లోపలికి చేరిందా లేదా చెప్పగలిగింది.

ద్వారం తెలిశాక పని సులువయింది. చేత్తో ముట్టే పనులను యంత్రాలకు అప్పగించారు. బట్టలు మార్చడం, కడగడం, పని కాగానే ఒళ్లు కడుక్కోవడం నియమం చేశారు. ఒకరినే నెలల తరబడి టీఎన్‌టీ దగ్గర ఉంచకుండా కొన్ని వారాల కొకసారి వేరే పనికి మార్చారు. డాక్టరు వారం వారం కంటి తెల్లగుడ్డు చూశాడు. 1917లో 189 కేసులు, 44 మరణాలు. 1918లో 34 కేసులు, 10 మరణాలు. 1916తో పోలిస్తే గుండ్ల ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. యుద్ధం చివరి ఏడాదిలో బ్రిటన్ చేసిన గుండ్లు మొదటి ఏళ్లకంటే ఎన్నో రెట్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టే, యుద్ధం కదా, దేశం నిలబడాలంటే కొన్ని ప్రాణాలు పోక తప్పదు అన్న రెండో అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ఆ 52 మంది, ఆ 44 మంది గుండ్ల కోసం పోలేదు. వాళ్లను కాపాడిన పద్ధతులతోనే 1918లో ఎక్కువ గుండ్లు వచ్చాయి. చేతులు కడుక్కోవడం, వారాల కొకసారి పని మార్చడం, యంత్రంతో నింపడం ఇవేవీ 1915లో తెలియని సంగతులు కావు. వాటి ఖర్చు పెట్టడానికి మనసు రావడానికి 96 మరణాలు పట్టింది.

మూడో అభ్యంతరం కాస్త సూక్ష్మమైనది. టీఎన్‌టీ ముట్టుకున్నవాళ్లు వేలమంది, కామెర్లు వచ్చినవాళ్లు మూడేళ్లలో 400 మంది. కాబట్టి తప్పు పదార్థానిది కాదు, కొందరి ఒంటి తత్వం అని ఆ రోజుల్లోనే కొందరు డాక్టర్లు వాదించారు. ఒంటి తత్వం నిజమే. ఒకే షెడ్డులో, ఒకే పనిలో ఒకరు పడిపోతే పక్కనున్నవాళ్లు బాగానే ఉండటం చాలాచోట్ల కనిపించింది. ఇప్పుడు మనకు ఇంకొంచెం తెలుసు. ఎర్ర రక్తకణంలో జీ6పీడీ అనే ఎంజైము లోపం వంశపారంపర్యంగా ఉన్నవాళ్లకు ఇలాంటి పదార్థాల దెబ్బ మరింత ఎక్కువ. కానీ ఈ వాదన నిందను ఎటు నెడుతోందో చూడండి. ఎవరికి వస్తుందో ముందు చెప్పలేనప్పుడు, ఆ పదార్థం అందరికీ ప్రమాదమైనదిగానే లెక్కించి రక్షణ ఇవ్వాలి. తత్వం పేరు చెప్పి రక్షణ తగ్గించడానికి అది కారణం కాజాలదు. పైగా ఈ 400 నమోదైన కేసులు మాత్రమే. నీలి పెదవులతో, తలనొప్పితో, ఆయాసంతో పని మానేసి ఇంటికి వెళ్లిపోయినవాళ్లు కామెర్ల లెక్కలో రారు.

ఇదే విషయం అట్లాంటిక్ అవతల ఇంకో రూపంలో జరిగింది. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే అక్కడి కంపెనీలు యూరప్‌కు మందుగుండు చేసి పంపుతున్నాయి. ఆ కర్మాగారాలు ఎక్కడున్నాయో బయటకు చెప్పేవాళ్లు కారు. ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలిని ప్రభుత్వం వాటిని పరిశీలించమంది. ఎక్కడికని వెళ్లాలి? ఆకాశంలో నారింజ రంగు పొగ ఎక్కడ లేస్తోందో చూసుకొని, రైల్వే స్టేషన్లలో, వీధుల్లో చేతులు, ముఖం పసుపు పట్టిన మనుషులను వెతుక్కొని ఆమె వెళ్లింది. ఆ నారింజ పొగ నైట్రేషన్‌లో వెలువడే నత్రజని ఆక్సైడ్లది. అదీ ఊపిరితిత్తులను గంటల తర్వాత ముంచే విషమే. 1917లో ఆమె ఇచ్చిన నివేదిక అమెరికాలో ఈ పరిశ్రమ మీద మొదటి పెద్ద సాక్ష్యం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా టీఎన్‌టీ కర్మాగారాల్లో విషం వల్ల నమోదైన మరణాలు 22. మొదటి యుద్ధంతో పోలిస్తే చాలా తక్కువ. వాటిలో ఎముక మజ్జ ఎండిపోయి పోయినవాళ్లు కాలేయం చెడి పోయినవాళ్ల కంటే తక్కువేమీ కాదు. ఆ రోజుల్లో కార్మికులకు పొటాషియం సల్ఫైట్ కలిపిన సబ్బు ఇచ్చేవాళ్లు. చేతి మీద టీఎన్‌టీ మిగిలి ఉంటే నురుగు ఎర్రగా మారుతుంది. నురుగు తెల్లగా వచ్చేదాకా కడుక్కోవాలి. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఉపాయం ఇదే. ప్రమాదం ఎక్కడుందో ఇన్‌స్పెక్టర్ వచ్చి చెప్పనక్కర్లేదు, ఆ పనిచేసే మనిషికి తన అరచేతిలోనే కనిపిస్తుంది.

పాఠం నేర్చుకున్నట్టే కనిపించినా, ఇంకో నైట్రో పదార్థం దగ్గర మళ్లీ అదే దారిలో పోయారు. ఫ్రాన్స్‌లో పిక్రిక్ ఆమ్లంతో పాటు డైనైట్రోఫీనాల్‌ను కూడా గుండ్లకు వాడారు. ఆ కర్మాగారాల్లో కొందరికి జ్వరం ఒక్కసారిగా ఎగబాకి, ఒళ్లు చెమటతో తడిసిపోయి, కొన్ని గంటల్లోనే ప్రాణం పోయేది. కణంలో ఆహారం కాలి శక్తిగా నిలవ ఉండవలసిన చోట, ఈ పదార్థం ఆ నిల్వను తెగ్గొట్టి అంతా వేడిగా వదిలేస్తుంది. యుద్ధం అయిపోయాక ఈ మరణాలు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. అయినా 1933లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌లో కటింగ్, టైంటర్ తదితరులు దాన్ని బరువు తగ్గించే మందుగా ప్రతిపాదించారు. నిజానికి బరువు తగ్గేది. తినకుండానే ఒళ్లు కాలిపోతుంటే తగ్గక ఏం చేస్తుంది? ఏడాది తిరిగేసరికి అమెరికాలో దాన్ని వాడినవాళ్లు లక్ష మందికి తక్కువ ఉండరని అంచనా. కంట్లో శుక్లాలు వచ్చి చూపు పోగొట్టుకున్నవాళ్లు, జ్వరంతో పోయినవాళ్లు బయటపడ్డారు. 1938లో కొత్త ఆహార, ఔషధ చట్టం వచ్చాక గానీ దాన్ని మార్కెట్ నుంచి తప్పించడం సాధ్యపడలేదు. ఇక్కడా అంతే. ఫ్రెంచి ఫ్యాక్టరీల్లో చనిపోయినవాళ్ల సాక్ష్యం ఆయుధాల లెక్కలో ఉండిపోయింది. సన్నబడాలనుకున్నవాళ్ల మందు ఇంకో లెక్కలో అమ్ముడుపోయింది.

ఈ చరిత్ర మన నేలకు ఎక్కడ తగులుతుందో చెప్పకుండా ఈ భాగం ముగించలేను. ఫిరంగి గుండ్ల దారిలో కాదు, మిరప తోటలో. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో మిర్చి, పత్తి, కూరగాయలు పండించే రైతులకు పూత మందు అన్న పేరుతో అమ్ముడుపోయే సీసాల్లో చాలావాటిలో ఉండేది నైట్రోబెంజీన్. సాధారణంగా 20 శాతం. 1863లో లెథబీ రాసిన పదార్థమే ఇది, అదే బాదం వాసన. ఇది పురుగును చంపే మందు కాదు, పూతను నిలిపేది, పైరుకు బలం ఇచ్చేది. అందుకే దీని దగ్గర పురుగు మందు దగ్గర ఉండే జాగ్రత్త ఉండదు. చేతి తొడుగు లేకుండా కలుపుతారు, వీపు మీది స్ప్రేయర్ ట్యాంకు మూత నుంచి కారి చొక్కా తడుస్తుంది, ఆ చొక్కాతోనే సాయంత్రం దాకా చేను తిరుగుతారు. మన ఆసుపత్రులకు ఎక్కువగా వచ్చేవి ఆత్మహత్యా ప్రయత్నంలో తాగిన కేసులు. చర్మం ద్వారా ఎక్కే సంగతి కూడా డాక్టర్లకు కొత్త కాదు. రోగి పెదవులు, గోళ్లు నీలంగా ఉంటాయి. ఆక్సిజన్ మాస్కు పెట్టినా రంగు తిరగదు. వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ 85 దగ్గర ఆగిపోయి పైకి రాదు. సిరంజిలోకి తీసిన రక్తం గాలి తగిలినా ఎర్రబడకుండా చాక్లెట్ రంగులోనే ఉంటుంది. ఆ గుర్తు తెలిసిన డాక్టరు వెంటనే మిథిలీన్ బ్లూ ఇంజెక్షను ఇస్తాడు. అదీ ఒక రంగే. 1876లో జర్మనీలో హైన్రిష్ కారో చేసిన నీలి రంగు, మారిపోయిన ఇనుమును మళ్లీ పాత స్థితికి తిప్పే శక్తి గలది. అయితే జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు అది పనిచేయదు, పైగా హాని చేయవచ్చు, కాబట్టి ఆ సంగతి కూడా చూసుకోవాలి. తాలూకా ఆసుపత్రిలో ఆ ఇంజెక్షను ఉందా లేదా, పూత మందు సీసా మీద ఇది చర్మంలోంచి ఎక్కే విషమని తెలుగులో పెద్ద అక్షరాలతో రాశారా లేదా, ఒలికిన చొక్కా వెంటనే విప్పి సబ్బుతో ఒళ్లు కడుక్కోమని అమ్మేవాడు చెప్తున్నాడా లేదా, ఈ మూడు ప్రశ్నలు ఇప్పుడు వ్యవసాయ శాఖ, ఆరోగ్య శాఖ రెండూ ఒకే బల్ల దగ్గర కూర్చొని అడగవలసినవి.

వచ్చే భాగంలో: నైట్రో వలయాన్ని ఔషధంగా మార్చిన క్లోరాంఫెనికాల్ చరిత్ర. టైఫాయిడ్‌ను లొంగదీసిన ఆ మందు కొందరి ఎముక మజ్జను ఎందుకు ఎండగట్టింది?